పాము చుట్ట చుట్టిందా?

కోల్‌కతా నుంచి మాట్లాడుతున్నాను.

అక్టోబరు నెల వచ్చిందంటే తెల్లవారుజామున మా పిన్ని దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. ఆవిడ ఉండేది బందరులో. ఫోన్ మోగే ముందే వాట్సాప్‌లో ఒక బొమ్మ దిగి ఉంటుంది. బంగాళాఖాతం, దాని నడుమ ఎర్రగా ఒక పెద్ద ముద్ద, చుట్టూ పసుపు. "ఏరా, చూశావా? ఇంత ఎర్రగా ఉందేమిట్రా? తుపానేనా?" అంటుంది. నేను పిల్లలకు భూగోళం పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, పొద్దునే కాఫీతో పాటు ఉపగ్రహ చిత్రం చూడటం అలవాటు చేసుకున్నవాణ్ణి. అందుకని నన్ను అడుగుతుంది. "సాయంత్రం దాకా ఆగు పిన్నీ, అప్పుడు చెబుతాను" అంటాను. ఆవిడకు కోపం వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజులు చూసిన మనిషి ఆవిడ. అలాంటి మనిషిని ఆగమంటే కోపం రాదా?

ఆగమని ఎందుకంటానో ఫోన్‌లో చెప్పడం కుదరదు. ఇవాళ తీరిగ్గా చెబుతాను.

ముందు ఆ ఎరుపు సంగతి చూద్దాం. మన ఇన్‌శాట్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, మన దేశం మీదే చూపు నిలిపి ఉంటాయి. అరగంటకొక చిత్రం పంపుతాయి. రాత్రిపూట వెలుతురుండదు కనుక, కిందినుంచి వచ్చే వేడిని కొలుస్తాయి. దాన్నే ఇన్‌ఫ్రారెడ్ చిత్రం అంటారు. ఎత్తైన మబ్బు తల చల్లగా ఉంటుంది. సున్నాకు 70, 80 డిగ్రీలు దిగువన కూడా ఉంటుంది. ఆ చల్లటి చోట కొట్టొచ్చినట్టు కనపడాలని ఎర్ర రంగు పూస్తారు. రంగు మనం వేసిందే, మబ్బుకు రంగు లేదు. కాబట్టి ఎరుపు చెప్పేది ఒక్కటే. అక్కడ మబ్బు చాలా ఎత్తుకు లేచింది. దాని కింద సముద్రం మీద గాలి సుడి తిరుగుతోందా లేదా అన్నది ఆ ఎరుపుకు తెలియదు.

ఇంకొక చిక్కుంది. సముద్రం మీద ఉరుముల మబ్బులు అర్ధరాత్రి దాటాక బలుస్తాయి, తెల్లవారుజామున జోరుమీద ఉంటాయి, మధ్యాహ్నానికి నీరసిస్తాయి. రాత్రి మబ్బుల పైభాగం తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. కింద సముద్రం మాత్రం వెచ్చగానే ఉంటుంది. పైన చల్లదనం, కింద వెచ్చదనం ఉంటే గాలి తేలిగ్గా పైకి లేస్తుంది. అంటే మా పిన్ని బొమ్మ పంపే వేళ, ఏ మబ్బు గుంపైనా భయంకరంగా కనపడే వేళే. సాయంత్రానికి చూస్తే అక్కడ పలచటి తెర తప్ప ఏమీ మిగలని రోజులెన్నో.

ఇక్కడ కోల్‌కతాలో ఈ పాఠం వేసవిలో ఇంటి డాబా మీదే నేర్చుకోవచ్చు. చైత్ర వైశాఖాల్లో ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీద మధ్యాహ్నం ఉరుముల మబ్బులు పుడతాయి. సాయంత్రానికి ఊరి మీద పడతాయి. వాటిని కాలబైశాఖి అంటారు. ఉపగ్రహ చిత్రంలో ఆ ముద్ద ఒక్కోసారి చిన్న వాయుగుండమంత పెద్దదిగా, ఎర్రగా ఉంటుంది. చెట్లు కూలుస్తుంది. రాత్రి పది గంటలకు చూస్తే నక్షత్రాలు. దానికి ఉరుముంది, ఊపుంది. ఒక కేంద్రాన్ని నడుముగా చేసుకుని దాని చుట్టూ రోజుల తరబడి తిరిగే గుణం మాత్రం లేదు. ఆ గుణం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నను ఈ ఊళ్లోనే ఒకాయన పట్టుకున్నాడు. హెన్రీ పిడింగ్టన్. ఓడల మీద బతికి, తర్వాత కలకత్తాలో స్థిరపడి, ఓడ ప్రమాదాలను విచారించే న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యాడు. 1839 నుంచి ఇక్కడి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో బంగాళాఖాతం తుపానుల మీద వరసగా వ్యాసాలు రాశాడు. ఆ ఏడాది నవంబరులో గోదావరి మొగలో ఉన్న మన కోరంగి రేవును ముంచేసిన తుపాను మీద కూడా రాశాడు. కోరంగి పేరు వినగానే తూర్పు గోదావరి వాళ్లకు కళ్లముందు మడ అడవులు మెదులుతాయి. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు.

పిడింగ్టన్‌కు ఉపగ్రహం లేదు. ఆయన దగ్గరున్నవల్లా తుపానులో చిక్కి బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలు. ఫలానా గంటకు, ఫలానా చోట, గాలి ఫలానా దిక్కునుంచి, బారోమీటరు ఇంత. అలాంటి ముక్కలన్నీ పటం మీద గుర్తుపెడితే బాణాలన్నీ ఒక చోటు చుట్టూ తిరుగుతున్నాయి. ఆ తిరుగుడికి ఒక పేరు కావాలనుకున్నాడు. గ్రీకులో పాము చుట్టను కూడా చెప్పే మాట నుంచి 'సైక్లోన్' అన్నాడు. 1848లో అచ్చయిన నావికుల పుస్తకంలో ఆ మాటను వివరించాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే మాట. అది పుట్టింది మన సముద్రం ఒడ్డున, అందులో కోరంగి బాధకూ భాగం ఉంది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

ఆ పుస్తకంతో పాటు కొమ్ముతో చేసిన పలుచటి రేకులు ఇచ్చేవారు. అవతలిది కనపడేంత పలుచన. వాటిమీద గుండ్రంగా గాలి బాణాలు గీసి ఉంటాయి. నావికుడు ఆ రేకును పటం మీద పెట్టి, తన ఓడకు తగులుతున్న గాలి రేకు మీది ఏ బాణంతో కలుస్తుందో చూసుకుంటాడు. కలిసిందా, తుపాను నడుము ఎటువైపుందో తెలిసిపోతుంది. ఎటు పారిపోవాలో కూడా తెలుస్తుంది.

ఆ రేకును మరిచిపోకండి. కాసేపట్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

1864లో అక్టోబరు 5న కలకత్తా మీద పెనుతుపాను పడింది. హుగ్లీలోకి సముద్రం ఎదురెక్కింది. దాదాపు 60,000 మంది పోయారని లెక్క. సరిగ్గా 27 రోజులకు, నవంబరు 1న, అదే సముద్రంలోంచి వచ్చిన ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచింది. అక్కడ సుమారు 30,000 మంది. మరుసటి ఏడాదే కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఈ ఊళ్లోనే పుట్టింది. మా పిన్నిది బందరు, అంటే ఆ మచిలీపట్నమే, నాది కోల్‌కతా. మా ఇద్దరి ఫోన్ సంభాషణకు ఇంత పాత చుట్టరికం ఉందన్నమాట.

ఇక ఇప్పటి పద్ధతికి వద్దాం. ఒక మబ్బు గుంపు పెరుగుతోందా లేదా అని ఇక్కడి ఆలీపూర్‌లో గానీ, ఢిల్లీలో గానీ వాతావరణ శాఖ వాళ్లు చూసేటప్పుడు మొదట వెతికేది ఎరుపును కాదు, ఓపికను. 12 గంటలు దాటినా ఆ గుంపు అక్కడే నిలిచి ఉందా? దానికొక నడుము ఉందని చెప్పగలమా? చెప్పగలిగితే, ఆ నడుము ఆరు గంటలుగా రెండున్నర డిగ్రీల లోపల, అంటే సుమారు 275 కిలోమీటర్ల వెడల్పు లోపల ఉంటోందా? చల్లటి దట్టమైన మబ్బు ఆ నడుముకు దగ్గరలోనే ఉందా? ఇవన్నీ అవునంటేనే మొదటి అంకె పడుతుంది. టీ ఒకటి.

ఈ లెక్కను 1970లలో వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రూపొందించాడు. గాలి వేగాన్ని ఉపగ్రహం నేరుగా కొలవలేదు కదా, మబ్బు ఆకారాన్ని బట్టి వేగం చెప్పవచ్చా అని ఎన్నో చిత్రాలు చూశాడు. తుపాను పెరిగేకొద్దీ మబ్బు పట్టీ ఒకటి వంపు తిరిగి నడుమును చుట్టుకుంటూ పోతుందని గమనించాడు. ఎంత చుట్టుకుంటే అంత బలం. ఆ చుట్టును కొలవడానికి ఏం చేశారో తెలుసా? పారదర్శకమైన కాగితం మీద శంఖం చుట్టులాంటి వంపు గీత గీసి, దాన్ని చిత్రం మీద పెట్టి తిప్పారు. మబ్బు పట్టీ ఆ గీత వెంట ఎంత మేర వచ్చిందో చూశారు. పిడింగ్టన్ కొమ్ము రేకు మళ్లీ బల్లమీదికి వచ్చింది! నడుమ నూట పాతికేళ్లు గడిచాయి. ఇప్పుడు కాగితం పోయి కంప్యూటరు తెర వచ్చింది. తిప్పే చెయ్యీ, చూసే కన్నూ అవే.

సగం చుట్టు చుట్టిందంటే టీ రెండున్నర. మన లెక్కలో అది తుపాను, గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటినట్టు. పేరు పెట్టేది అప్పుడే. ఒకటిన్నర దగ్గర వాయుగుండం, రెండు దగ్గర తీవ్ర వాయుగుండం. వాయుగుండం ఎంత చక్కటి మాటో చూడండి. గోదావరిలో ఈదినవాళ్లకు గుండం అంటే ఏమిటో ఒంటికి తెలుసు.

కానీ డ్వొరాక్ పద్ధతి కూడా మబ్బు తలనే చూస్తుంది. కాళ్ల సంగతో? అక్కడ గాలి నిజంగా తిరుగుతోందని ఎలా చెప్పాలి? దానికి ఇంకో రకం ఉపగ్రహం ఉంది. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇఓఎస్-06లో స్కాటరోమీటర్ అనే పరికరం ఉంది. అది రేడియో తరంగాలను సముద్రం మీదికి విసురుతుంది. గాలి తగిలిన నీటి మీద సన్నటి ముడతలు లేస్తాయి. ముడతలను బట్టి తరంగం తిరిగొచ్చే తీరు మారుతుంది. ఆ తేడా నుంచి గాలి వేగం, గాలి దిక్కు లెక్కగడతారు. కొన్ని నిమిషాల్లో సముద్రమంతా బాణాలే. పిడింగ్టన్ నెలల తరబడి ఓడల పుస్తకాలు అడిగి తెచ్చుకుని పటం మీద గీసిన బాణాలు ఇవే.

ఆ బాణాల పటంలో నేను మొదట దక్షిణం అంచు చూస్తాను. అక్టోబరు నవంబరుల్లో బంగాళాఖాతం ఉత్తర భాగమంతా ఈశాన్య గాలులే ఉంటాయి, అందులో విశేషం లేదు. గుంపుకు దక్షిణాన పడమటి గాలి వీస్తోందా? మన అర్ధగోళంలో సుడి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది కనుక, దక్షిణాన పడమటి గాలి ఉంటేనే చుట్టు పూర్తయినట్టు. లేకపోతే అది వంపు తిరిగిన గాలి మాత్రమే, ఇంకా సుడి కాదు. పాము చుట్ట చుట్టలేదు, ఒళ్లు విరుచుకుంటోంది అంతే. ఈ ఉపగ్రహం ఒక్కోసారి పక్కనుంచి వెళ్లిపోతుంది. ఆ పూట మన గుంపు మీద బాణాలు పడవు. జోరువాన ఉన్నచోట కొలత కూడా తప్పుదారి పట్టిస్తుంది. అప్పుడు మళ్లీ వేచి ఉండటమే.

అన్నీ బాగున్నట్టే ఉండి చెడిపోయే సందర్భం ఒకటుంది. అది చూడాలంటే సూర్యోదయం కావాలి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో గుండ్రటి ఎర్ర ముద్ద ఉంటుంది. దాని నడుమే కేంద్రం అనుకుంటాం. తెల్లారి మామూలు వెలుతురు చిత్రం వస్తుంది. చూస్తే ఎర్ర ముద్దకు తూర్పున, ఎండలో, సన్నటి తక్కువ ఎత్తు మబ్బులు చిన్న సుడిగా తిరుగుతూ ఒంటరిగా కనపడతాయి. అసలు కేంద్రం అది! ఉరుముల మబ్బంతా పక్కకు కొట్టుకుపోయింది. తల ఒకచోట, కాళ్లు ఒకచోట. కింద గాలికీ పైన గాలికీ పొత్తు కుదరకపోతే ఇలా అవుతుంది. విండ్ షియర్ అంటారు, గాలి కోత అనుకోండి. కోత ఉన్నంతసేపు వేడి ఒకచోట పోగుపడదు, తుపాను పెరగదు. సముద్రం 26.5 డిగ్రీల కన్నా వెచ్చగా ఉండాలి, నడిమి ఎత్తుల్లో తేమ ఉండాలి, కోత తక్కువ ఉండాలి. ఈ మూడింట్లో బంగాళాఖాతానికి వెచ్చదనం కరవు ఎప్పుడోగాని రాదు. తుపాను పుట్టుకలు చాలావరకు ఆగేది ఈ కోత దగ్గర, పొడిగాలి దగ్గర.

2013 నవంబరు గుర్తుందా? లెహర్ అతి తీవ్ర తుపాను అయి మన వైపు వస్తోంది. అంతకు కొన్ని రోజుల ముందే హెలెన్ మచిలీపట్నం దగ్గర తీరం దాటి వెళ్లింది, అక్టోబరులో పైలిన్ గోపాల్‌పూర్‌ను కొట్టింది. జనం బిక్కుబిక్కుమంటూ ఉన్నారు. లెహర్ నడిసముద్రంలోనే గాలి కోతకు చిక్కి, మబ్బులు ఊడిపోయి, 28న మచిలీపట్నం దగ్గర గట్టెక్కేసరికి వట్టి వాయుగుండం. ఆ రోజుల్లో పిన్నితో రోజుకు నాలుగుసార్లు మాట్లాడేవాణ్ణి. "తగ్గుతోంది పిన్నీ" అంటే నమ్మలేదు. గాలి చప్పుడు తగ్గాక నమ్మింది.

దీనికి సరిగ్గా ఎదురు, ఆంఫన్. 2020 మే నెల. లాక్‌డౌన్ రోజులు. 16వ తేదీ పొద్దున వాయుగుండం, సాయంత్రానికి తుపాను, అంటే టీ రెండున్నర. డ్వొరాక్ లెక్కలో మామూలు ఎదుగుదల రోజుకు ఒక అంకె. 18 మధ్యాహ్నానికి ఆరున్నర. రెండు రోజులు నిండకుండానే నాలుగు అంకెలు ఎక్కింది. 1999 ఒడిశా తుపాను తర్వాత బంగాళాఖాతంలో మళ్లీ సూపర్ సైక్లోన్ అన్న మాట వినపడింది అప్పుడే. 18న వచ్చిన చిత్రాల్లో చల్లటి మబ్బు వలయం నడుమ వెచ్చటి చుక్క. అదే కన్ను. పైన మబ్బు లేక కింది వేడి కనపడే చోటు. నేను ఆ చుక్కను చూసి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

20వ తేదీ మధ్యాహ్నం దాటాక సుందరబన్ దగ్గర ఒడ్డెక్కింది, గంటకు 155 నుంచి 165 కిలోమీటర్ల గాలితో. పక్కింటి ముసలాయన తలుపు సందులోంచి "దాదా, ఝొడ్ కొతో దూర్?" అని అరిచాడు. తుపాను ఎంత దూరం అని. కరెంటు పోయింది, నెట్టు పోయింది, ఉపగ్రహ చిత్రం లేదు. పిడింగ్టన్ కాలంలో పడ్డాను. మొదట గాలి ఈశాన్యం నుంచి కొట్టింది. చీకటిపడ్డాక ఉత్తరానికి తిరిగింది. గాలికి వీపు పెట్టి నిలబడితే కేంద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. హాల్లో ఉత్తరానికి వీపు పెట్టి నిలబడి, ఎడమ చెయ్యి చాచాను. తూర్పు. అంటే పక్కగా దాటుతోంది. రాత్రికి గాలి వాయవ్యానికి మళ్లింది. అప్పుడు ముసలాయనకు వినపడేలా "జాచ్ఛే, జాచ్ఛే" అని అరిచాను. వెళ్లిపోతోంది, వెళ్లిపోతోంది అని. తెల్లారి చూస్తే మా వీధి మలుపులో కృష్ణచూడా చెట్టు, అదే మన తురాయి, ఎర్రపూలతో సహా అడ్డంగా పడి ఉంది. కాలేజ్ స్ట్రీట్‌లో పుస్తకాలు నీళ్లలో తేలాయి. శివపూర్ తోటలో పేరుమోసిన ఊడల మర్రికి కూడా దెబ్బ తగిలింది.

ఇక జవాద్. 2021 డిసెంబరు. ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాలకు హెచ్చరిక. జనాన్ని ఖాళీ చేయించారు, రైళ్లు ఆపారు. తీరం చేరకుండానే నీరుగారిపోయింది. "అనవసరంగా హడావిడి చేశారు" అని తర్వాత చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. జవాద్‌కు పేరు పెట్టిన పూట దాని చుట్టు నిజం, గాలి నిజం. దాన్ని చంపిన పొడిగాలి, కోత తర్వాత ముదిరాయి. అమెరికా తీరాన తుపాను మీదికి విమానం పంపి లోపలి గాలిని కొలుస్తారు. మన సముద్రం మీద ఆ అలవాటు లేదు. ఉపగ్రహం చూపింది, అక్కడక్కడ తేలే బోయాలు చెప్పింది, దాంతోనే తీర్పు చెప్పాలి. ఇలాంటి తీర్పు పూటపూటకూ మారుతుంది, మారాలి. వాతావరణ శాఖ రోజూ ఇచ్చే ముందస్తు సూచనలో వాయుగుండం పుట్టే అవకాశాన్ని శూన్యం, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రోజువారీగా చెప్పేది అందుకే. ఆ మాటల్లో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడండి. ఒక్క రోజు మాట కన్నా ఆ తేడాలోనే సమాచారం ఎక్కువ.

పిన్నిని సాయంత్రం దాకా ఆగమంటాను. ఇంట్లో గోడల మధ్య ఉన్న మనిషి ఆగవచ్చు. కానీ కాకినాడ నుంచో, ఇక్కడి కాక్‌ద్వీప్ నుంచో వేటకు పోయిన బోటుకు ఆ మాట చెప్పలేను. లోతు సముద్రంలో పది రోజులుండే బోట్లు ఉన్నాయి. ఒడ్డుకు రావాలంటే ఒక రాత్రీ పగలూ పట్టవచ్చు. టీ రెండున్నర అయి, పేరు పెట్టి, టీవీల్లో బొమ్మ వచ్చేసరికి వాళ్లకు దారి మూసుకుపోతుంది. అందుకే మత్స్యకారులకు వేటకు వెళ్లొద్దన్న మాట అల్పపీడనం దశలోనే, ఒక్కోసారి అది పుట్టక ముందే వస్తుంది. అందులో కొన్ని పెరగవు. పెరగని ప్రతిసారీ ఆ ఇంట్లో నాలుగు రోజుల వేట, డీజిలు, ఐసు డబ్బు పోతాయి. అది చిన్న నష్టం కాదు. ఆ నష్టాన్ని వాళ్లొక్కరే మోయడం న్యాయం కాదని నేను గట్టిగా అనుకుంటాను. వాళ్లను ఆగమని చెప్పే ప్రభుత్వమే ఆగిన రోజులకు కూలి కట్టివ్వాలి. అది ఉంటే బోటు తిప్పడానికి ఎవరూ వెనకాడరు.

ఇప్పుడు సెల్‌ఫోన్ అందనంత దూరాన ఉన్న బోట్లకు కూడా ఉపగ్రహం ద్వారా మాట చేర్చే ట్రాన్స్‌పాండర్లు అమరుస్తున్నారు. ఇంకా అవి లేని బోట్లు చాలా ఉన్నాయి. వాటిల్లో ఈ రేడియోనే ఉంది. సముద్రం మీద వింటున్న అన్నదమ్ములెవరైనా ఉంటే మీకొక మాట. మబ్బు పెరుగుతుందా లేదా అన్నది ఒడ్డునున్న మేం రాత్రంతా మేలుకుని చూస్తాం. మీరు మటుకు ముందు బోటు తిప్పండి.